బిరడాల గాడి

కెనడాలోని గ్వెల్ఫ్‌లో కాలేజీ చదువుతూ, శని ఆదివారాలు కారు విడిభాగాల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ చేసేవాణ్ణి. ఆ ఏడాది మావాళ్లు ఎంతమంది వచ్చారంటే, మా లైన్‌లో తెలుగు తప్ప మరో మాట వినబడేది కాదు. ఇంగ్లీషు బాగా మాట్లాడతానని నన్ను లైన్ లీడ్‌ను చేశారు. అది కాస్తా తలకెక్కింది.

ప్రొద్దుటూరు నుంచి కూతురి దగ్గరికి వచ్చి స్థిరపడిన ఒక ఆంటీ మా లైన్‌లో పనిచేసేవారు. భర్త పోయాక ఆయన మోటారు వైండింగ్ షాపును ఆవిడే నడిపారట.

మా పని మేకులా తలా కాడా ఉండే ప్లాస్టిక్ బిరడాలను ట్రేలో పేర్చడం. ఒక్కోదాన్నీ తల పైకి వచ్చేలా తిప్పి పెట్టాలి. సాయంత్రానికి మణికట్లు పీకేవి. ఒక శనివారం ఆవిడ రెండు చెక్కపట్టీలను మధ్యలో సన్నని సందు ఉంచి బిగించి తెచ్చారు. ఏటవాలుగా నిలబెట్టి బిరడాలు పోస్తే, కాడలు సందులోకి దిగి, తలలు పైన ఆగి, అన్నీ ఒకే తీరుగా జారుతూ వచ్చాయి.

మెచ్చుకోవాల్సింది పోయి, అందరి ముందూ అడిగాను. "ఆంటీ, మీరేం చదివారు?"

"ఏడో తరగతి నాయనా."

"ఇది కెనడా ఆంటీ. ఇలాంటివి డిజైన్ చేయడానికి ఇక్కడ ఇంజనీర్లుంటారు. తీసేయండి."

లైనంతా నవ్వింది. ఆవిడ పట్టీలను సంచిలో పెట్టుకున్నారు.

తర్వాతి వారం హామిల్టన్‌లో టెక్నీషియన్ ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్లాను. అక్కడి మేనేజరు ఇండియాలో చేసిన నా బీటెక్ సర్టిఫికెట్‌ను సరిగ్గా చూడను కూడా లేదు. ఇక్కడ చదువు పూర్తిచేసినవాళ్లే కావాలన్నాడు. శనివారం ఫ్యాక్టరీకి ఆంటీతో కలిసి వెళ్లే కార్లో ఆ కోపమంతా కక్కాను. "నాలుగేళ్లు చదివింది చదువు కాదా?"

వెనక సీట్లోంచి ఆంటీ అన్నారు. "చదువే నాయనా. యాడ చదివితే ఏముంది? పని ఇచ్చి చూడాల్సింది."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉన్నా బాగుండేది. కారు దిగాక ఆవిణ్ణి ఆపి, "సారీ ఆంటీ, ఆ రోజు తప్పుగా మాట్లాడాను" అన్నాను.

"నవ్వినోళ్లు ఈడ లేరు గదా నాయనా" అని లోపలికి వెళ్లిపోయారు.

తప్పు నాదేనని బ్రేక్‌లో అందరికీ చెబుదామనుకున్నాను. నోరు రాలేదు. మర్నాడు పట్టీలు మాత్రం మళ్లీ తెప్పించి సూపర్‌వైజర్‌కు చూపించాను. ఆయన బిరడాలు జారడం కాసేపు చూసి నా భుజం తట్టాడు.

"గుడ్ ఐడియా! కాలేజీలో నేర్పారా?"

ఆంటీ రెండడుగుల దూరంలో ట్రేలు సర్దుతున్నారు. ఆవిడకు ఆ మాత్రం ఇంగ్లీషు అర్థమవుతుంది. నాది కాదని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది?

"థాంక్యూ" అన్నాను.

ఆవిడ తలెత్తలేదు. నెల తిరక్కుండానే కూతురికి మార్కమ్‌లో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయారు. చివరి రోజు, పట్టీలు వదులైతే ఎక్కడ బిగించాలో నాకు ఓపిగ్గా చూపించారు.

ఆవిడ వెళ్లాకే సూపర్‌వైజర్‌కు నిజం చెప్పాను. ఆయన "ఏ ఆంటీ?" అన్నాడు.