కొరుకుడు పెద్దమ్మ

ఆ కొండవాలు కాఫీ తోటల్లో పెద్దమ్మలకు కొదవ లేదు గానీ, కొరుకుడు పెద్దమ్మ మాత్రం ఒక్కతే. ఆ పేరు పెట్టినవాళ్ళెవరో ఆవిడ ఎదుట ఎప్పుడూ అనలేదు. అంత ధైర్యం ఉన్నవాళ్ళు ఆ చుట్టుపక్కల పుట్టలేదు.

ఆవిడ పని కొరకడమే. ఆరబెట్టిన కాఫీ గింజ ఒకటి తీసి, వేళ్ళతో పొట్టు నలిపి ఊది, కుడి దవడన పెట్టి కొరికేది. పంటి గాటు పడితే గింజలో ఇంకా తడి ఉన్నట్టు. అలాగే బస్తాకెత్తితే బూజు పడుతుంది. పెంకులా చిట్లితే మరీ ఎండినట్టు. ఇక వాసన మీద ఆశ వదులుకోవాల్సిందే. ఈ రెంటికీ నడుమ గట్టిగా ఒక్క "టక్" ఉంటుంది. అది వినబడగానే పెద్దమ్మ "తీసేయండి" అనేది. ఇంటిల్లిపాదీ బస్తాలు పట్టుకుని పరుగెత్తేవారు.

పాక వెనక వాలులో ఉన్న మొక్కల విషయంలోనైతే ఆ మాటకు తిరుగే లేదు. అది ఇంకెవరి తోటలోనూ లేని రకం. సన్నటి ఆకు, పొడుగాటి గింజ, కాపు అంతంత మాత్రం. ఎండ కాస్త ఎక్కువైతే అలుగుతుంది, వాన ఎక్కువైతే పూత రాలుస్తుంది. కప్పులో పోస్తే మాత్రం నారింజ తొక్క గిల్లినట్టు గుప్పుమంటుంది. ఇంట్లోవాళ్ళు దాన్ని "మొండిది" అనేవారు. "మొండిది ఎలా ఉంది?" అని ఎవరైనా అడిగితే, మొక్కల గురించా పెద్దమ్మ గురించా అని కనుక్కుని మరీ జవాబు చెప్పేవారు.

ఏటా దూరం నుంచి ఒక వ్యాపారి వచ్చి, మొండిదాన్ని రుచి చూసి మొత్తం కొనుక్కుపోయేవాడు. ఆ ఇల్లు గడిచేది దాని మీదే. కిందటేడు కొడుకు ముచ్చటపడి తేమ కొలిచే యంత్రం తెచ్చాడు. మామూలు గింజకు అది బాగానే పనిచేసింది, ఈ పొడుగు గింజ దగ్గర తడబడింది. ఒక బస్తా బూజు పట్టింది. వ్యాపారి మొహమాటపడుతూనే చెప్పేశాడు: "ఇంకోసారి ఇలా అయితే నేను రాలేనండీ." ఆ రోజుతో యంత్రం అటకెక్కింది, పెద్దమ్మ అందలమెక్కింది.

సరిగ్గా ఈ ఏటి కోతలకు ముందే దవడ పన్ను మోసం చేసింది. అన్నేళ్ళు కాఫీ గింజలకు లొంగని పన్ను, ఒక ఉదయం పాలల్లో నానిన రొట్టె ముక్కకు ఊడి వచ్చింది. దాని వెంటే ఇరుగుపొరుగు పళ్ళూ కదిలాయి. పళ్ళ డాక్టరు అన్నీ తీసేసి సెట్టు కట్టాడు. ముత్యాల్లా ఉన్నాయని చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు. వాటితో ఏది కొరికినా చెక్క కొరికినట్టే ఉంది. చిగుళ్ళకు కబురు అందడం లేదు.

"కొత్త పళ్ళతో కుదురుతుందా అమ్మా?" అని కొడుకు అడిగాడు.

"పన్ను మారితే పనితనం మారుతుందేంట్రా?" అని ఆవిడ కసిరింది.

నిజం చెప్పి కొడుకుతో కొరికిద్దామంటే, వాడి దవడ పళ్ళు చిన్నప్పుడే మిఠాయిలకు ఖర్చయిపోయాయి. ఇక మిగిలింది కోడలు. ఆ పిల్ల కాపురానికొచ్చిన కొత్తలో సరదాగా ఒక గింజ కొరికితే, "నీ పళ్ళు నవ్వడానికి పనికొస్తాయమ్మా, దీనికి కాదు" అని తనే అంది. ఆ నోటితోనే ఇప్పుడు ఏమని అడుగుతుంది?

మొండిది బల్లల మీద ఆరుతోంది. పెద్దమ్మ రోజూ ఒక గింజ నోటి దాకా తీసుకెళ్ళి, దవడ ఆడించి, "ఇంకా ఆరాలి" అనేది. ఎండేమో ఆవిడ కోసం ఆగడం లేదు. పెద్దమ్మకు నిజంగానే భయం వేసింది. ఈ పంట చెడితే వ్యాపారి ఇక రాడు. పైగా, పంటి మాట పోయాక ఈ బల్లల దగ్గర తనకేం పని? వ్యాపారి సంగతి కన్నా ఇదే ఆవిడను ఎక్కువ బాధపెట్టింది.

అత్తగారి స్వెటర్ ఉతుకుతుంటే కోడలికి గుట్టు తెలిసింది. జేబులోంచి పొట్టు తీసిన గింజలు గుప్పెడు రాలాయి. ఒక్కదాని మీదా పంటి గుర్తు లేదు. ముందు ఫక్కున నవ్వింది. ఆ వెంటనే బల్లలు గుర్తొచ్చాయి. తడి చేతులతోనే బయటికి పరుగెత్తింది.

పెద్దమ్మ బల్ల దగ్గరే ఉంది. కోడలు వచ్చి పక్కన నిలబడి, ఒక గింజ పొట్టు ఊది, అత్తగారి చెవి దగ్గరగా తల వంచి కొరికింది.

"టక్."

పెద్దమ్మ ఉలిక్కిపడింది. తిట్టు నోటి దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది.

"ఏంటే ఆ కొరకడం? కుడివైపు పెట్టు."

"అటే పెట్టా అత్తయ్యా."

"ఈ చివర్ది కొరుకు."

"టక్."

"ఆ నీడవైపుది."

ఈసారి చప్పుడు మెత్తగా వచ్చింది.

"గాటు పడిందా?"

"పడీ పడనట్టుంది. సాయంత్రానికి సరిపోతుంది."

పెద్దమ్మ తేరిపార చూసింది. "నీకెలా తెలుసు?"

కోడలు చేతిలోని పొట్టు దులుపుకుంది. "మీరు అటు తిరిగినప్పుడల్లా నేనూ ఒకటి కొరికేదాన్ని. మీరేం చెప్తారో ముందే అనుకుని, సరిపోయిందో లేదో చూసుకునేదాన్ని."

"ఇన్నేళ్ళూ?"

"ఇన్నేళ్ళూ."

"దొంగపిల్లా!" అంది పెద్దమ్మ. తర్వాత తోట అదిరేలా అరిచింది. "ఒరేయ్, నీడవైపుది ఉంచి మిగతాదంతా తీసేయండి!"

వ్యాపారి వచ్చాడు. వేయించిన గింజలు పొడి చేసి, వేడినీళ్ళు పోసి, కప్పులో ముక్కు పెట్టాడు. జుర్రున ఒక గుక్క లాగి కళ్ళు మూసుకున్నాడు. కొడుకు ఒక అడుగు ముందుకేశాడు. వ్యాపారి ఇంకో గుక్క తాగి, కప్పు కింద పెట్టకుండానే నవ్వాడు.

"ఎక్కడా తేడా లేదండీ. అమ్మగారి పన్నంటే పన్నే!"

"మరి మా అమ్మంటే ఏమనుకున్నారు!" అని కొడుకు పొంగిపోయాడు.

కోడలు తల వంచుకుని కప్పులు కడుగుతోంది. ఆ పిల్ల చెప్పదని పెద్దమ్మకు తెలుసు. ఊరుకుంటే సరిపోతుంది. ఊరుకోవాలనే ఉంది కూడా. పమిట సర్దుకుంది, గొంతు సవరించుకుంది, కిటికీలోంచి పాక వెనక వాలు వైపు చూసింది.

"పన్ను మా కోడలిది" అంది. "నాది చెవి మాత్రమే."

కొడుకు తెరిచిన నోరు మూయలేదు. కోడలు తడి చెయ్యి అడ్డం పెట్టుకోవడం కూడా మరిచిపోయి, పళ్ళన్నీ కనబడేలా నవ్వేసింది.

"చాల్లే నవ్వింది" అంది పెద్దమ్మ. "ఆ పళ్ళు జాగ్రత్త. పాలల్లో నానేసిన రొట్టె మాత్రం ముట్టుకోకు."