పెద్దమ్మ మొక్కిన దోస్తులు

మేముండే కుంఠా నాకా బస్తీలో మా పక్కింటి పెద్దమ్మ బీడీలు చుట్టేది. నేను జర్మనీలో చదువుకుంటూ, రెండు రోజులు సెలవు దొరికితే చాలు, బస్సెక్కి పక్క దేశం పోయేదాన్ని. అక్కడినుంచి వీడియో కాల్ చేస్తే, మా ఇంట్లో పవర్‌లూమ్ చప్పుడుకు మాట వినపడదని అమ్మ ఫోన్ పట్టుకొని పెద్దమ్మ ఇంటికి పోయేది. నేను ఏ ఊళ్లో ఉన్నానో పెద్దమ్మ ఎన్నడూ అడగలేదు. ఎప్పుడూ ఒకటే మాట: "తోడు ఎవరున్నరు బిడ్డా?"

"దోస్తులున్నరు పెద్దమ్మా" అనేదాన్ని. నిజానికి ప్రతిసారీ ఒక్కదాన్నే పోయేదాన్ని.

ఒకసారి ప్రాగ్‌లో ఉన్నప్పుడు, "ఏరీ, జర చూపియ్" అన్నది. ఏం చెయ్యాలో తోచక, పక్క టేబుల్ దగ్గర కాఫీ తాగుతున్న ఎవరో ఇద్దరు అమ్మాయిల వైపు ఫోన్ తిప్పిన. పెద్దమ్మ చేతిలో బీడీని చేటలో పెట్టి, రెండు చేతులూ జోడించి, "మా పిల్లను జర చూస్కోండి తల్లీ" అన్నది. వాళ్లకు ఒక్క మాటా అర్థం కాలేదు. అయినా నవ్వి, వాళ్లూ చేతులు జోడించిన్రు.

ఆ ఏడు చలికాలంలోనే పెద్దమ్మ పోయింది. నేను ఇంటికి వచ్చి పలకరించడానికి పోతే, ఆమె కోడలు అన్నది: "ఆఖరిదాకా నీ దోస్తులనే యాద్ చేసింది. వాళ్లకు చెప్పినవా?"

"చెప్పిన వదినా. శానా బాధపడ్డరు."

"మంచి పిల్లలు" అని వదిన కళ్లు తుడుచుకున్నది.

ఆ ఇద్దరి ముఖాలు ఎంత తలుచుకున్నా నాకు గుర్తుకు రావడం లేదు.