సిస్టర్ల బడిలో తీర్థం అడిగిన రోజు

మా చిన్నప్పుడు బడిలో చేరాలంటే ముందు చెవి అందాలి... కుడిచెయ్యి తల మీదుగా వేస్తే ఎడమ చెవి దొరికిందా, ఈడు వచ్చినట్టే. వనపర్తిలో సిస్టర్ల బడి వరండాలో ఆ ఎండాకాలం పొద్దున నేనూ, మా పక్కింటి షబానా అలా చెవులు పట్టుకుని నిలబడ్డాం. బడి ఆయమ్మ చూసి "ఇద్దరికి అందింది, కూసోండ్రి" అంది.

రెండువేల ఒకటో, రెండో... సరిగ్గా గుర్తులేదు. కానీ ఆ రోజు లోపల జరిగింది మాత్రం ఒక్క మాట పోకుండా గుర్తుంది.

మాది బిజినేపల్లి దగ్గర మెట్ట సేద్యం. నన్ను ఆ బడిలో వేయాలనే నాయిన చేను కౌలుకిచ్చి, వనపర్తిలో విత్తనాల దుకాణంలో పనికి కుదిరాడు. "నా బిడ్డ సిస్టర్ల బళ్లె సదువుతది" అని ఊరంతా చాటింపు కూడా వేసేశాడు. సీటు రాకపోతే ఏ మొహం పెట్టుకుని ఊరికి పోతాడు, చెప్పండి?

మా వాడలో చర్చికి వెళ్లే ఇల్లు ఒక్కటే, మరియమ్మ పెద్దమ్మది. నాయిన వెళ్లి ఆమెను అడిగాడు.

"ముందుగాల మా చర్చోళ్ల పిల్లలు తమ్మీ. తర్వాత అన్నలు, అక్కలు అదే బళ్లె ఉన్నోళ్లు. గా తర్వాత అందరు" అని చెప్పిందామె.

మా నాయిన మొదటి మాట దగ్గరే ఆగిపోయాడు. ఆ తర్వాత ఆమె ఏం చెప్పినా ఆయన చెవికెక్కలేదు...

ఇంకేముంది! మర్నాటి నుంచి నాకు ప్రార్థన నేర్పించడం మొదలు. పెద్దమ్మ "ఎందుకు తమ్మీ గివన్ని" అని గొణుగుతూనే నేర్పింది. నాయిన సంతలో చిన్న శిలువ కొనుక్కొచ్చి, నల్లదారానికి గుచ్చి నా మెడలో కట్టాడు. బయల్దేరే ముందు కండువా కొసతో నా బొట్టు తుడిచేశాడు.

మా అమ్మ నెత్తి కొట్టుకుంది. "బోడి మొకంతోని తోల్కపోతవా పిల్లను?"

"జర ఊకో... సీటు రానీ, ఇంటికొచ్చినంక పెట్టుకుంటది."

తమాషా ఏమిటంటే, మరియమ్మ పెద్దమ్మ నుదుట ఎప్పుడూ రూపాయి బిళ్లంత బొట్టు ఉండేది. మా నాయిన అదీ చూడలేదు!

షబానా, వాళ్ల అబ్బా ముందు లోపలికి వెళ్లొచ్చారు. జూన్‌కల్లా యూనిఫాం కుట్టించుకోమన్నారట. తర్వాత మేం. నాయిన చేతిలో కొల్లాపూర్ మామిడిపండ్ల సంచి.

లోపల సిస్టర్... కేరళ నుంచి వచ్చినావిడ, పుస్తకంలో ఉన్నట్టు తెలుగు మాట్లాడేది. ఆమె వెనక గూట్లో మరియమాత బొమ్మ, ముందు చిన్న దీపం.

"ఏమైనా ప్రార్థన వచ్చా పాపా?"

కళ్లు మూసుకుని గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాను. ఒక్క తప్పు లేదు. నుదురు, గుండె, భుజాలు తాకి ఆమెన్ అన్నాను. నాయిన మీసాల కింద నవ్వు... సీటు వచ్చేసినట్టే!

అక్కడితో ఆగి ఉంటే ఎంత బాగుండేది...

ఎదురుగా దీపం. దీపం వెనక అమ్మవారు. నాకు అలవాటైన పని నేను చేసేశాను. చెంపలు వేసుకున్నాను. ఉన్నచోటే గిర్రున మూడుసార్లు తిరిగాను. ఎడమచేతి మీద కుడి అరచెయ్యి గుంటగా పెట్టి సిస్టర్ ముందు చాపాను.

"తీర్థం..."

నాయిన మీసాల కింద నవ్వు మాయమైంది.

సిస్టర్ మెల్లగా అడిగింది. "ఆ శిలువ ఎప్పటి నుంచి వేసుకుంటున్నావమ్మా?"

"నిన్నటి సంది."

"బొట్టు పెట్టుకోవా?"

"నాయిన తుడిసిండు."

నాయిన రెండు చేతులూ జోడించాడు. "సిస్టరమ్మా... మీరు చర్చోళ్ల పిల్లల్నే తీసుకుంటరని..."

"ముందు వాళ్లను తీసుకుంటాం. అది మా నియమం. తర్వాత అందరినీ తీసుకుంటాం. ఇప్పుడే ఒక ముస్లిం పాపను చేర్చుకున్నాను. మెడలో తాయెత్తు ఉంది. తీసేయమన్నానా? మీ బిడ్డను మీ బిడ్డలాగే తీసుకొస్తే ఈ రోజే చేర్చుకునేదాన్ని. బడిలో కాలు పెట్టకముందే అబద్ధం నేర్పారు. ఈ ఏడు వద్దు. వచ్చే ఏడు తీసుకురండి... బొట్టుతో."

మామిడిపండ్ల సంచి నాయిన వైపే జరిపింది.

నేనింకా చెయ్యి చాపుకునే ఉన్నాను. సిస్టర్ ఒక్క క్షణం చూసి, బల్ల మీది గ్లాసు తీసి నా అరచేతిలో కాసిన్ని నీళ్లు పోసింది. "తాగమ్మా, ఎండన పడి వచ్చావు." తాగేసి, తడిచెయ్యి నెత్తికి రాసుకున్నాను.

బయట షబానా వాళ్ల అబ్బా ఎదురొచ్చాడు. "ఏమైంది అన్నా, ఇచ్చిండ్రా?"

"లేదు భాయ్... చెయ్యి చెవికి అందలేదన్నరు."

నేను బిత్తరపోయాను. "అందింది గద నాయినా!" అంటూ తల మీదుగా చెయ్యి వేసి చెవి పట్టుకుని చూపించాను.

నాయిన వంగి, నా మెడలో దారం విప్పి జేబులో వేసుకున్నాడు. "అవు భాయ్... అందింది. నేనే చెడగొట్టిన" అన్నాడు. మా నాయిన కళ్లలో నీళ్లు అప్పుడే మొదటిసారి చూశాను. భయమేసింది నాకు.

మరుసటి ఏడు మళ్లీ వెళ్లాం. అమ్మ కసి తీరా పెద్ద బొట్టు పెట్టింది. సిస్టర్ నన్ను గుర్తుపట్టి, "ఈసారి తీర్థం అడగవా?" అని నవ్వి చేర్చుకుంది. అయినా ఆమె మీద కోపం నాకు చాలా ఏళ్లు పోలేదు. షబానా నాకంటే ఒక తరగతి ముందు మరి! ఐదో తరగతి దాకా "చెయ్యందని పిల్ల" అని ఏడిపించింది.

మొన్న మా పాపను ఎల్కేజీలో చేర్చడానికి హైదరాబాద్‌లో ఒక పెద్ద బడికి వెళ్లాను. పక్క కుర్చీలో ఒకామె కొడుక్కి నేర్పుతోంది... "ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడతామని చెప్పు నాన్నా. తెలుగు రాదని చెప్పు."

"సరే అమ్మా, అట్లే చెప్తా" అన్నాడు వాడు, చక్కటి తెలుగులో. లోపలికెళ్లాడు, చెప్పాడు, సీటు తెచ్చుకున్నాడు. వాళ్లమ్మ నా చేతిలోనూ ఒక స్వీటు పెట్టింది.

ఆ రోజు అబద్ధం చెప్పించినందుకు మా నాయిన తలవంచుకుని బయటికొచ్చాడు... ఈ రోజు అందుకే స్వీట్లు పంచుతున్నారు.

మిమ్మల్ని బడిలో వేసేటప్పుడు మీ ఇంట్లో వాళ్లు ఏం నేర్పి తీసుకెళ్లారో కింద రాయండి... నా ఫోన్లో మా నాయిన ఇవన్నీ చదువుతాడు. తనొక్కడే కాదని తెలిస్తే, ఇన్నేళ్లకైనా ఆయన మనసు కాస్త తేలికపడుతుంది.