మాబు లాప్‌టాప్‌లో కర్సర్

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. మా వీధిలో ఎవరికైనా గాలి సోకిందంటే తాయెత్తు కోసం పరిగెత్తేవాళ్లను చూసి నవ్వినవాణ్ని. కంప్యూటర్ ముందు కూర్చుని బతికేవాణ్ని కాబట్టి, మిషను తప్పు చేసిందంటే దానికొక కారణం ఉంటుందని, వెతికితే దొరుకుతుందని నాకు తెలుసు. ఇప్పుడు చెప్పబోయే సంగతిలో కూడా ముప్పాతిక భాగానికి కారణం దొరికింది. ఆ మిగిలిన పావు భాగం కోసమే ఇది రాస్తున్నాను.

ప్రొద్దుటూరులో బట్టల అంగళ్ల వెనక సందులో మాకొక డిజైన్ షాపు ఉంది. పెండ్లి పత్రికలు, ఫ్లెక్సీలు, అంగడి బోర్డులు చేస్తాం. మాకు అంటే నాకూ, మాబుకూ. మాబు నాకంటే కొంచెం పెద్దవాడు. ఇద్దరం ఒకే చోట పని నేర్చుకుని, కలిసి షాపు పెట్టుకున్నాం. నా పేరు ఓబులేసు. షాపు బోర్డు మీద ఇద్దరి పేర్లూ ఉండేవి కానీ, వచ్చేవాళ్లకు ఒక పేరే గుర్తుండేది.

ఒకసారి పెద్దముడియం వైపు నుంచి ఒక పెద్దాయన కూతురి పెండ్లి పత్రిక కోసం వచ్చాడు. మాబు నమాజుకు పోయాడు. నేను కుర్చీ చూపించి, ఎట్లాంటిది కావాలని అడిగాను. ఆయన నన్ను చూడలేదు. షాపంతా కలయజూసి, "మాబు లేడా?" అన్నాడు. నేను చేస్తానన్నాను. "వద్దులేప్పా. ఆయప్ప వచ్చేదాకా కూర్చుంటా" అన్నాడు. కూర్చున్నాడు కూడా. నేను కంప్యూటర్‌లోకి చూస్తూ పని ఉన్నట్టు నటించాను.

ఇట్లాంటివి ఎన్నో. నేను బొమ్మలు కొలిచి పెట్టేవాణ్ని, అక్షరాలు సరిచూసుకునేవాణ్ని, ఒక్క తప్పు పోనిచ్చేవాణ్ని కాదు. మాబు ఏదీ కొలిచేవాడు కాదు. అందరూ మౌస్ వాడితే వాడు లాప్‌టాప్ టచ్‌ప్యాడ్ మీద చూపుడువేలుతో తీగలూ పూలూ గీసేవాడు. అయినా వాడు చేసిన పత్రికను జనం పెండ్లి అయిపోయినాక కూడా పారేసేవాళ్లు కాదు. మా ఇంటి గృహప్రవేశానికి కార్డు చేయాల్సి వచ్చినప్పుడు నా భార్య లక్ష్మీదేవి, "మాబన్నతో చేపించు" అంది. నా ఇంట్లో, నా కార్డు. నేను సరేనన్నాను. ఆ రోజు అన్నం సహించలేదు.

మాబు జమ్మలమడుగు పోయి వస్తుండగా బస్సులోనే గుండెపోటుతో పోయాడు. నేను ఏడ్వలేదని కాదు. చిన్నపిల్లాడిలా ఏడ్చాను. అయితే ఖబరస్తాన్ దగ్గర నిలబడి ఉంటే, నా పక్కనే ఎవరో ఇంకొకరితో, ఇక పత్రికలు చేసేవాళ్లు ప్రొద్దుటూరులో లేకుండా పోయారని అన్నారు. నేను అక్కడే ఉన్నాను. ఆ ఏడుపులో కూడా అది ముల్లులా దిగింది.

కొన్నాళ్లకు మాబు భార్య షంషాదమ్మ లాప్‌టాప్ తెచ్చి షాపులో పెట్టింది. ఒప్పుకున్న పనులు కొన్ని దాంట్లోనే సగంలో ఉన్నాయి. ఇంట్లో దాన్ని వాడేవాళ్లు లేరు, నీ దగ్గరే ఉండనీ అని చెప్పి వెళ్లిపోయింది. ఆ సగం పనులు ముగించడానికి నేను దాని ముందు కూర్చున్నాను. తిప్పలు అప్పుడు మొదలయ్యాయి.

కర్సర్ నిలిచేది కాదు. టచ్‌ప్యాడ్ మీద వేలు పెడితే చాలు, సన్నగా వణికేది. వేలు తీసేస్తే మెల్లగా ఎడమవైపు పైకి జారేది. టైపు చేస్తుంటే ఉన్నట్టుండి ఎగిరి వేరే పదం మధ్యలో పడేది. చేతులకు చెమట ఉందేమోనని తుడిచి చూశాను. చార్జర్ పెడితే ఎక్కువగా, తీస్తే తక్కువగా ఉందని గమనించి, షాపులో ఎర్తింగ్ సరిగా లేదేమో అనుకున్నాను. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి ఎర్తింగ్ బాగు చేయించాను. కొంత తగ్గింది కానీ పోలేదు.

నన్ను మండించింది వేరే సంగతి. నేను పెండ్లికొడుకు పేరు సరిగ్గా నడిమధ్యలో పెడతాను. కర్సర్ జారి, ఆ పేరును పట్టుకుని కొంచెం ఎడమకు లాగుతుంది. నేను మళ్లీ మధ్యలోకి తెస్తాను. మళ్లీ లాగుతుంది. ఒకసారి విసుగొచ్చి అట్లాగే వదిలేసి, కుర్చీ వెనక్కి జరుపుకుని చూశాను. అది ఉన్నచోటే బాగుంది. నేను పెట్టిన చోటి కంటే బాగుంది. చచ్చిపోయి కూడా వీడు నా పని దిద్దుతున్నాడే అనిపించింది. దయ్యమని భయపడి కాదు, కడుపుమంటతో అనుకున్న మాట అది.

మా సందు చివర శివ అని కంప్యూటర్లు బాగు చేసే కుర్రవాడున్నాడు. పనిమంతుడు. లాప్‌టాప్ తీసుకుపోయి వాడి ముందు పెట్టాను. కాసేపు చూసి సంగతి విప్పి చెప్పాడు. మన వేలు ఎటు కదిలిందో కంప్యూటర్‌కు తెలియజెప్పే సాఫ్ట్‌వేర్‌ను డ్రైవర్ అంటారు. ఈ లాప్‌టాప్ చేసిన కంపెనీవాళ్లు దీనికని ఇచ్చిన డ్రైవర్ ఒకటి ఉంటుంది. అప్‌డేట్ వచ్చినప్పుడు అది పోయి, అన్నింటికీ సరిపెట్టే మామూలు డ్రైవర్ వచ్చి కూర్చుంది. దానికి ఈ టచ్‌ప్యాడ్ మాట సరిగా అర్థం కాదు. వేలు లేకున్నా ఉన్నట్టు అనుకుంటుంది.

ఆ మామూలుదాన్ని తీసేసి, కంపెనీ ఇచ్చిన అసలుదాన్ని ఎక్కించాడు. కర్సర్ నిలిచింది. అప్‌డేట్ దానంతట అది వచ్చి మళ్లీ చెడగొట్టకుండా అది కూడా ఆపేశాడు. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. మాబు లేడు, ఏమీ లేదు, ఉన్నదంతా తప్పు డ్రైవర్. దారిలో టీ తాగి, పాట పాడుకుంటూ షాపుకు వచ్చాను.

పనులు ముగించాను. అన్నీ నడిమధ్యలో, కొలిచినట్టు పెట్టాను. తీసుకున్నవాళ్లు బాగున్నాయన్నారు. బాగున్నాయని అనే తీరులో తేడా ఉంటుంది. అది నాకు తెలుస్తుంది.

అంతలో మా అమ్మాయి భార్గవికి పులివెందుల సంబంధం కుదిరింది. మంచి మనుషులు. పత్రిక మాట రాగానే లక్ష్మీదేవి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మాబన్న ఉండింటే ఎంత బాగా చేసేవాడో అంది. తను ఏ పాపమూ ఎరగని మనిషి. నిజంగానే బాధపడి అంది. నేను లేచి బయటికి వచ్చేశాను. నా బిడ్డ పెండ్లి పత్రిక నా చేత్తోనే చేయాలని, చూసినవాళ్ల నోట మాబు పేరు రాకుండా చేయాలని ఆ క్షణం నిశ్చయించుకున్నాను.

నా కంప్యూటర్ పాతబడింది కాబట్టి ఆ పత్రికనూ మాబు లాప్‌టాప్‌లోనే చేద్దామని, దాన్ని శివ దగ్గరకు ఇంకోసారి తీసుకుపోయాను. ఈసారి టచ్‌ప్యాడ్‌నే పూర్తిగా ఆపేయమన్నాను. నేను మౌస్ మనిషిని, నాకు దాంతో పని లేదని చెప్పాను. వాడు సెట్టింగుల్లో ఆపాడు. అది చాలదని వెనక మూత విప్పించి, టచ్‌ప్యాడ్ నుంచి లోపలి సర్క్యూట్ బోర్డుకు పోయే వైరు పట్టీ కూడా నా కళ్లముందే ఊడదీయించాను. తర్వాత వేలితో ఎంత రుద్దినా కర్సర్ కదల్లేదు. ఇది నేను స్వయంగా చూసుకున్నది.

ఒక ఆదివారం మధ్యాహ్నం షాపు తలుపు దగ్గరికి వేసి కూర్చున్నాను. బయట ఎండ మండిపోతోంది. కరెంటు పోయింది కాబట్టి చార్జర్ లేదు, లాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తోంది. పేర్లు, ముహూర్తం అన్నీ పెట్టేశాను. అంచు చుట్టూ ఒక తీగ గీయాలి. మౌస్ బటన్ నొక్కిపట్టి గీయడం మొదలుపెట్టాను.

కింది మూల నుంచి కొంచెం పైకి వచ్చాక, తీగను ఎటు వంచాలో తోచక ఆగాను. బటన్ మీద వేలు నొక్కే ఉంది, చెయ్యి మాత్రం కదలడం లేదు. తెర మీద గీత ముందుకు పోతోంది.

వేలు తీశాను. గీత ఆగింది. గీసిందాన్ని చెరిపేసి మళ్లీ మొదలుపెట్టాను. అదే చోట మళ్లీ చెయ్యి ఆపాను. ఈసారి కావాలనే ఆపాను. గీత తొందర లేకుండా, అదే వంపు తిరిగి, అదే మాదిరిగా పైకి పోయింది. మూడోసారి బటన్ నొక్కిపట్టుకునే మౌస్‌ను బల్ల మీద నుంచి పైకి ఎత్తాను. దాని కింది ఎర్ర లైటు నా ఎడమ అరచేతి మీద పడుతోంది. గీత పోతూనే ఉంది. ఆకులు వేసింది. మొగ్గలు వేసింది. పై మూలకు చేరి, తనంతట తనే ఆగింది.

భయం వేసిందా అంటే, ముందు వేసింది భయం కాదు. ఆ తీగ ఎంత బాగుందో చూసి ఒళ్లు మండింది. నా జన్మంతా కూర్చున్నా అట్లాంటి వంపు నా చేతికి రాదు. భయం తర్వాత వచ్చింది. లేచి తలుపులు బార్లా తీసి, ఎండలో చాలాసేపు నిలబడ్డాను.

తిరిగొచ్చి చూస్తే తీగ అట్లాగే ఉంది. అందులో ఒక్క ఆకు మాత్రం మిగతావాటికి ఎదురుగా, కిందికి తిరిగి ఉంది. తప్పు దొరికిందని సంబరపడి దాన్ని సరిచేశాను. సరిచేయగానే తీగంతా చప్పబడిపోయింది. ఎందుకో తెలియదు. మళ్లీ ఎట్లా ఉన్నదాన్ని అట్లాగే పెట్టేశాను.

ఆ తీగతోనే పత్రిక అచ్చు వేయించాను. కారణం చెప్పాలంటే ఒకటే, నా బిడ్డకు అంతకంటే మంచిది నేను ఇవ్వలేను. పులివెందుల వియ్యంకులు చూసి మెచ్చుకున్నారు. లక్ష్మీదేవి చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసి, నువ్వేనా చేసింది అంది. పెండ్లయిన ఇన్నేళ్లలో నా పని చూసి తను అట్లా ఆగిపోవడం అదే మొదలు. అవునన్నాను. మాబు పేరు ఎవరి నోటా రాలేదు. నేను కోరుకున్నదీ అదే.

షంషాదమ్మకు పత్రిక ఇవ్వడానికి భార్యాభర్తలం ఇద్దరం పోయాం. ఆమె మంచినీళ్లిచ్చి, పత్రిక తీసుకుని చూసింది. ముందు నవ్వింది. తర్వాత అంచు మీద వేలు పెట్టి, కింది మూల నుంచి పైకి నెమ్మదిగా నడిపించింది. ఎదురు తిరిగిన ఆకు దగ్గర వేలు ఆగింది.

"ఇది నీకు ఎట్ల తెలుసన్నా?" అంది.

నాకు అర్థం కాలేదు. ఆమె లక్ష్మీదేవి వైపు చూసి చెప్పింది.

"ప్రతి రంజాన్‌కు ముందుదినం నా ఎడమచేతికి ఆయనే మెహందీ పెడతాండె. మగోడు మెహందీ పెడతాండాడంటే నవ్వుతారని ఎవురికీ చెప్పనిచ్చేటోడు గాదు. పక్కింటి పాప పెట్టిందని చెప్తాంటి. పెండ్లయిన కొత్తలో నేను చెయ్యి కదిలిస్తే ఒక ఆకు తిరగబడింది. నేను ఏడిస్తి. ఊరుకో, ఇది నీ ఆకు అనె. అప్పటినుంచి ఏ ఏడాదైనా ఆ ఆకు అట్లనే పెట్టె."

లక్ష్మీదేవి నా మొహం చూసింది. నేను తలవంచుకున్నాను. కర్సర్ సంగతి అక్కడ చెప్పడానికి నోరు రాలేదు.  షంషాదమ్మ పత్రికను అరచేతిలో పెట్టుకుని, రెండో చెయ్యి దాని మీద మూసి అట్లాగే కూర్చుంది.

దారిలో లక్ష్మీదేవి అడిగితే జరిగిందంతా చెప్పాను. తను సంచిలో మిగిలిన పత్రికలు సర్దుకుంది. తర్వాత, "పోనీలే, భార్గవి పెండ్లికి మాబన్న వచ్చినట్టే" అంది. నాకు ఆ మాట ఊరట కావాల్సింది. కాలేదు. నా జీవితంలో అందరూ మెచ్చిన ఒక్క పని కూడా వాడి చేతిదే, అదీ వాడు తన భార్యకు దాచిపెట్టుకున్నది అని తెలిసిన రోజు అది. ఇంత ప్రేమ నేను లక్ష్మీదేవికి ఎప్పుడైనా చూపించానా అని కూడా అనిపించింది. దానికీ వాడి మీదే కుళ్లుకున్నాను.

మర్నాడు శివతో లాప్‌టాప్ మళ్లీ విప్పించాను. పట్టీ ఊడదీసినట్టే ఉంది. టచ్‌ప్యాడ్ ఆపేసినట్టే ఉంది. మౌస్ డ్రైవర్ సరైనదే. ఆ మౌస్‌ను వాడి కంప్యూటర్‌కు పెట్టి బటన్ నొక్కి పైకి ఎత్తి చూశాడు, గీత కదల్లేదు. తీసేసిన ఆ మామూలు డ్రైవర్ ముక్క ఏదైనా లోపల మిగిలిపోయి కర్సర్‌ను జరిపి ఉండొచ్చన్నాడు. జరిపితే జరపొచ్చు గానీ ఆకులు ఎట్లా వేస్తుందని అడిగాను. వాడు స్క్రూ బిగిస్తూ, "అది నన్నడిగితే నేనేం చెప్పేదన్నా" అన్నాడు.

నా బుద్ధికి తోచిన కారణాలు కూడా చెప్తాను. ప్రతి రంజాన్‌కూ నేను వాళ్లింటికి పోయి సేమ్యా తిన్నవాణ్ని. గిన్నె అందించేటప్పుడు షంషాదమ్మ అరచెయ్యి ఎప్పుడో కంటపడి ఉండొచ్చు. ఆ తీగ నా మనసులో ఎక్కడో ఉండిపోయి, నా చెయ్యే నాకు తెలియకుండా గీసి ఉండొచ్చు. చదువుకున్న బంధువొకాయన ఇట్లాగే చెప్పాడు. కానీ మౌస్ గాలిలో ఉంది. అది మాత్రం నా కళ్లతో చూశాను.

జమ్మలమడుగు నుంచి ఒకావిడ మా అమ్మాయి పత్రిక పట్టుకుని వచ్చి, తన కొడుకు పెండ్లికి ఇదే తీగ కావాలంది. కంప్యూటర్‌లో ఉన్నదాన్ని తీసి పెట్టడం నిమిషం పని. అయినా అది ఇచ్చేది కాదన్నాను. వేరేది గీసిస్తానని చెప్పి, మౌస్ పట్టుకుని, మధ్యలో చెయ్యి ఆపి చూశాను. గీత అక్కడే ఆగిపోయింది. మళ్లీ ఎప్పుడూ కదల్లేదు. ఎందుకు కదిలిందో, ఎందుకు ఆగిందో నాకు ఈ రోజుకీ తెలియదు. ఆవిడకు మాత్రం నా తీగే గీసిచ్చాను. బాగానే ఉందని తీసుకుపోయింది.