గుయ్‌మంటుందా, లేదా

తూంకుంటలో మా వీధి చివరి ఇల్లు బుచ్చవ్వది. పొలం ప్లాట్లయ్యాక కట్టుకున్న రెండంతస్తుల ఇల్లు. పైన తనుండేది, కింద శ్రీలేఖకు అద్దెకిచ్చింది. 2006లో ఆ ఇంటికంతా ఒకటే ఫోను లైను. అవ్వకు అది మాటలకు, శ్రీలేఖకు ఇంటర్నెట్‌కు.

బుచ్చవ్వ మహా మొండిది. గట్టు జరిపారని సొంత అక్క సుక్కమ్మతో మాటలు మానేసింది. ఇద్దరి పొలాలూ అమ్ముడుపోయి అక్కడ ఇళ్లు లేచినా మాట కలపలేదు. గట్టే లేనప్పుడు పంతం దేనికని నేనే అడిగాను. "గట్టు పోయింది గని, గామె అన్న మాట పోయిందా?" అంది. అలాంటి మనిషి ఆ వారమంతా ఫోను పక్కనుంచి కదల్లేదు. సుక్కమ్మ కరీంనగర్‌లో ఆసుపత్రిలో ఉంది. ఆపరేషన్‌కు తీసుకెళ్లే ముందు చెల్లెలికి ఫోను చేస్తానందని ఆమె కోడలు కబురు పంపింది. ఇక్కణ్ణుంచి చేద్దామంటే ఆసుపత్రి నంబరు ఎవరికీ తెలియదు.

రోడ్డు పనులకు తవ్వి తవ్వి మా దగ్గర ఫోన్లు ఎప్పుడు చచ్చేవో తెలిసేది కాదు. అందుకని అవ్వ ఊరికే రిసీవరెత్తి చెవి దగ్గర పెట్టుకునేది. గుయ్‌మంటే లైనుందని ధైర్యం.

కింద శ్రీలేఖకు మాత్రం ప్రాణం మీదికొచ్చింది. గోదావరి జిల్లా నుంచి వచ్చిన పిల్ల. విదేశీ డాక్టర్లు చెప్పిన మాటలు విని, టైపు చేసి, ఇంటి నుంచే పంపే పని. అప్పటికే రెండు ఫైళ్లు ఆలస్యమయ్యాయి. మూడోదీ ఆలస్యమైతే పని ఉండదని మేనేజరు చెప్పేశాడు. ఆ శుక్రవారం ఫైలు మధ్యాహ్నం పన్నెండుకల్లా చేరాలి. చూస్తే, సగం వెళ్లేసరికి మోడెం మీద లైటు టపటపా కొట్టుకుని ఆరిపోతోంది. స్విచ్చాపి వేసింది. వైర్లు ఊడదీసి తుడిచి పెట్టింది. వేడెక్కిందేమోనని టేబుల్ ఫ్యాను దాని వైపు తిప్పింది. సెల్లు తీసి ఇంటర్నెట్ కంపెనీకి చేస్తే, "రీస్టార్ట్ చేయండి మేడమ్" అన్నారు. ఆ ముక్క చెప్పడానికి మనిషెందుకో నాకు తెలియదు. చివరికి గోడ దగ్గర ఫోను లైను ప్లగ్గే పీకి, కాసేపాగి పెట్టడం మొదలుపెట్టింది. పెట్టగానే లైటు వెలిగేది, అంతలోనే ఆరేది.

ప్లగ్గు పీకినప్పుడల్లా పైన ఫోను మూగబోయేది. గుయ్‌మనకపోయేసరికి అవ్వ హడలిపోయి మళ్లీ మళ్లీ ఎత్తేది. ఆమె ఎత్తినప్పుడల్లా కింద లైటు ఆరేది. ఈమె మళ్లీ పీకేది. ఈ సంగతి ఇద్దరికీ తెలియదు.

పదకొండు దాటాక బుచ్చవ్వ మెట్లు దిగి వచ్చింది. శ్రీలేఖ చేతిలో ప్లగ్గుంది.

"ఏంది బిడ్డా, నా ఫోను సస్తాంది, బతుకుతాంది?"

శ్రీలేఖ అప్పుడు ఆ ప్లగ్గును సరిగ్గా చూసింది. పైకి వెళ్లే తీగనూ మోడెం తీగనూ కలిపి మెలేసి, టేపు చుట్టి ఉంది. రెంటినీ విడదీసే చిన్న డబ్బా ఒకటి ఉండాలి, అది లేనే లేదు.

"మామ్మగారూ, మీరు ఫోనెత్తితే నా నెట్ పోతోందండీ. నేనిది పీకితే మీ ఫోను పోతోంది."

"ఎంతసేపు పడ్తది నీ పని?"

"అరగంటండీ. మీరు ఎత్తకుండా ఉంటే చాలు."

"జల్దీ గానియ్యి. నువ్వు చెప్పేదాక ముట్ట."

అవ్వ ఎవరి ఫోను కోసం కాచుకుని ఉందో శ్రీలేఖకు తెలుసు. అయినా అలా ఆగొద్దనలేదు. ఆమె స్థానంలో ఉంటే నేనూ అనను.

ఫైలు కదిలింది. సగం దాటింది. ముప్పాతిక దాటింది. అప్పుడు పైన ఫోను మోగింది.

లైటు వణికింది గానీ ఆరలేదు. ఫోను మోగుతూనే ఉంది, అవ్వ ఎత్తడం లేదు. ఎత్తకపోతే చెల్లెలికి ఇంకా కోపం పోలేదనుకుని సుక్కమ్మ అలాగే ఆపరేషన్‌కు వెళ్తుంది. శ్రీలేఖ స్క్రీను మీంచి కళ్లు తీయలేదు. ఇంకొంచెం, ఇంకొంచెం అనుకుంది. ఫోను ఆగిపోయింది.

మళ్లీ మోగింది. ఈసారి శ్రీలేఖ మెట్ల మీదికి పరుగెత్తింది.

బుచ్చవ్వ ఫోను ఎదురుగా, రెండు చేతులూ కొంగులో చుట్టేసుకుని కూర్చుంది. కళ్ల నీళ్లు కారిపోతున్నాయి.

"అయిందా బిడ్డా?"

"అయిపోయిందండీ," అని శ్రీలేఖ రిసీవరెత్తి ఆమె చెవికి ఆనించింది.

సుక్కమ్మ గొంతు గదంతా వినిపించింది. "ఏందే బుచ్చీ, ఇంతసేపా? ఇంకా కోపమున్నదా?"

"కోపం గాదక్కా. పిల్ల కొలువు పోతదని ఎత్తలే."

"ఎవ్వరి పిల్లనే?"

బుచ్చవ్వ కొంగులోంచి చేయి తీసి శ్రీలేఖ చేయి పట్టుకుంది. "మన పిల్లనే," అంది.

రిసీవరెత్తగానే కింద లైటు ఆరిపోయింది, ఫైలు మధ్యలోనే ఆగింది. ఆ చేయి విడిపించుకుని కిందికి వెళ్లి, పైకి వచ్చే తీగ ఊడదీస్తే ఫైలు అందేదేమో. శ్రీలేఖ వెళ్లలేదు. సోమవారం నుంచి పని లేదని సాయంత్రానికి చెప్పేశారు. ఆ మాట అవ్వకు ఈనాటికీ తెలియదు. మీరూ చెప్పకండి.