విశ్రాంతి దినం పాటించే కారు

డోలీనా కారుకి పాస్టరు గారికంటే భక్తి ఎక్కువని ఆ చలికాలం ఊరంతా చెప్పుకుంది. వారమంతా బుద్ధిగా తిరిగే కారు, ఆదివారం గడిచిందంటే చాలు, సోమవారం పొద్దున సెల్ఫ్ తీసుకోదు. తాళంచెవి తిప్పితే లోపలెక్కడో టిక్కుమని ఒక చప్పుడు, అంతే. స్కాట్లాండులోని లూయిస్ దీవి పడమటి అంచున ఉన్న ఆ ఊళ్ళో ఆదివారం నాడు ఉతికిన బట్టలు కూడా ఆరేయరు. పొద్దున చర్చికి నడిచి వెళ్ళడం, వచ్చి తినడం, సాయంత్రం మళ్ళీ చర్చికి నడవడం. అలాంటి ఊళ్ళో పెరిగిన కారుకి విశ్రాంతి ఒక్క రోజుతో సరిపోవడం లేదని కొట్టు దగ్గర జోకులు.

డోలీనాకి మాత్రం నవ్వు రాలేదు. ఆమె ఆ ఊరికీ చుట్టుపక్కల పల్లెలకీ నర్సు. యాభై దాటిన మనిషి. పొట్టిగా ఉంటుంది, నడక వడి, నోరు అంతకంటే వడి. ఎవరింట్లో కుక్క కరుస్తుందో, ఏ ముసలాయన మాత్రలు మింగినట్టు నటించి కుండీలో పారేస్తాడో ఆమెకి తెలుసు. సోమవారం అన్నిటికంటే ముందు వెళ్ళాల్సింది టార్కిల్ ఇంటికి. మగ్గం మీద ఉన్నిబట్ట నేసి బతికినవాడు. షుగరు ముదిరి సెప్టెంబరులో ఒక కాలు తీసేశారు. పొద్దున తిండికి ముందు ఇన్సులిన్ పడాలి. కూడా ఉండేది అక్క ఎఫీ ఒక్కతే. ఆవిడకి ఎనభై దాటాయి, కీళ్ళవాతంతో వేళ్ళు వంకర్లు పోయాయి, సూది పట్టుకోలేదు. శని ఆదివారాలు పట్నం నుంచి వేరే నర్సు వస్తుంది. ఆ పిల్ల చేతులు ఐసుగడ్డలని టార్కిల్ తిట్టుకుంటూ సోమవారం కోసం ఎదురు చూస్తాడు.

ఆ సోమవారమే కారు లేవదు. రెండుసార్లు టార్కిల్ ఆకలితో, వణుకుతూ కూర్చుని ఉండగా డోలీనా పరిగెత్తుకుంటూ వెళ్ళింది. రెండోసారి తర్వాత పట్నం ఆఫీసు నుంచి పెద్ద నర్సు మిస్ ఫ్రేజర్ ఫోన్ చేసింది.

"డోలీనా గారూ, మిమ్మల్ని అనాలని కాదు. కానీ ఇంకొక్కసారి ఆలస్యమైతే ఆ పల్లెలన్నీ పట్నం నుంచే చూసుకుంటాం. మీకు ఇక్కడ ఆఫీసులో కుర్చీ ఇస్తాం."

ఆ కుర్చీ ఆమెకి అక్కర్లేదు. పుట్టిన ఊళ్ళో, తనకి అక్షరాలు నేర్పినవాళ్ళ పుళ్ళు కడుగుతూ బతకడమే ఆమెకి తెలిసిన బతుకు. దాన్ని ఒక బ్యాటరీ లాక్కుపోతుందంటే ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

కెనీని పిలిచింది. కెనీ రెండిళ్ళ అవతల ఉంటాడు. పొద్దున స్కూలు బస్సు నడుపుతాడు, మిగతా వేళల్లో ఊళ్ళో ఉన్న మోటార్లన్నిటికీ వైద్యం చేస్తాడు. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళు.

కొత్త బ్యాటరీ వేశాడు. మళ్ళీ సోమవారం అదే కథ. జంపర్ వైర్లు వేసి లేపాడు. డైనమో చూశాడు, అది భేషుగ్గా ఉంది. బ్యాటరీ వైరు విప్పి మధ్యలో మీటరు పెట్టాడు. కారు ఆగి ఉన్నప్పుడు ఎవరో కరెంటు తాగుతున్నారు, ఆ దొంగ ఎవడో తేలాలని ఒక్కొక్క ఫ్యూజు పీకి చూశాడు. మీటరు ముల్లు ఉలకలేదు, పలకలేదు.

"దీనికి రోగం లేదే. నాటకాలాడుతోంది."

"నీకు చేతకాక దాన్నంటావేం?"

"సరే, చేతకాలేదు. నిజం చెప్పు. ఆదివారం దొంగతనంగా రేడియో వింటున్నావా కార్లో కూర్చుని?"

"నోరు ముయ్యి కెనీ, మా అమ్మ సమాధిలోంచి లేచొస్తుంది."

అతను నవ్వుతూ పనిముట్లు సర్దుకున్నాడు. కానీ డోలీనా అతనికి ఒక సంగతి చెప్పలేదు. ప్రతి సోమవారం కెనీని పిలిచే ముందు ఆమె డిక్కీ తెరిచి, అందులో ఉన్నది తీసి ఇంట్లో దాచి, మూత ధడాలున వేసేది.

డిక్కీలో ఉండేది ఒక చిన్న బకెట్. మట్టి వదలని బంగాళాదుంపలు, పేపర్లో చుట్టిన ఉప్పు హెర్రింగు చేపలు, ఒక్కోసారి అరడజను గుడ్లు. నర్సులు రోగుల దగ్గర ఏమీ పుచ్చుకోకూడదని ఆఫీసు రూలు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎవరైనా గుమ్మంలో ఏదైనా పెడితే డోలీనా ఇంటింటికీ తిరిగి వాపసు ఇచ్చేసింది. ఎఫీ చేసిన జామ్ సీసా కూడా అలాగే ఇచ్చేసింది. ఎఫీ అప్పుడు సీసా అందుకుని తలుపేసుకుంది. ఆ తర్వాత కొన్నాళ్ళకి డిక్కీలో బకెట్లు మొదలయ్యాయి. ఆ ఊళ్ళో కార్లకి తాళాలు వేసే అలవాటు లేదు. ఎవరు పెట్టారని అడిగితే అందరూ అమాయకంగా మొహాలు పెట్టారు. ఎవరిదో తెలియంది ఎవరికి తిరిగిస్తుంది? శనివారం టీ వేళకి బయట డిక్కీ ధన్‌మని పడిన చప్పుడు వినిపించేది. ఈ మధ్య ఆ చప్పుడు లేదు, బకెట్ మాత్రం వస్తోంది. డోలీనా కర్టెన్ తొలగించి చూసేది కాదు. ఇచ్చేవాళ్ళు దాక్కుని ఇస్తున్నప్పుడు పుచ్చుకునేవాళ్ళు తొంగి చూడటం మర్యాద కాదు గదా.

ఆ శనివారం పొద్దున కెనీ గుమ్మంలోంచే చెప్పాడు. "ఇవాళ చీకటి పడ్డాక కారుని ఒకసారి చూడు. లైటు గానీ ఏదైనా వెలుగుతోందేమో. బ్యాటరీ చచ్చాక చూస్తే ఏ దీపమూ కనపడదు, అదే మన ఖర్మ."

చీకటి అక్కడ త్వరగా పడుతుంది. టీ తాగి, మర్యాదని పక్కన పెట్టి, డోలీనా కర్టెన్ జరిపింది. కారు వెనక అద్దంలో లోపలి నుంచి పసుప్పచ్చటి మసక వెలుగు. ఆమె చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా బయటికి పరిగెత్తింది. డిక్కీ మూత పడే ఉంది. చేత్తో పట్టి కదిపితే మాత్రం వదులుగా ఆడింది. కొక్కెం సగమే పట్టింది. మూత పూర్తిగా పడితేనే ఆరే లోపలి బల్బు హాయిగా వెలుగుతోంది. దాని కింద బకెట్ ఉంది.

తలెత్తి రోడ్డు వైపు చూసింది. గాలికి కోటు రెపరెపలాడుతూ, కర్ర పొడుచుకుంటూ, ఒక వంగిన వీపు నెమ్మదిగా వెళ్తోంది. ఎఫీ.

డోలీనాకి అప్పుడు అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. ఇన్నేళ్ళూ డిక్కీ ధన్‌మని వేసింది టార్కిల్. సెప్టెంబరులో అతని కాలు పోయింది. అప్పటి నుంచి ఆ బకెట్ మోసుకుంటూ, ఆ జారుడు రోడ్డు మీద, ఆ వేళ్ళతో ఎఫీ వస్తోంది. గట్టిగా వేసే బలం లేక, చప్పుడైతే నర్సు చూస్తుందన్న భయంతో, మూతని పసిపిల్లని పడుకోబెట్టినంత మెల్లగా దించి వెళ్తోంది. సోమవారం దాకా ఆ బల్బు బ్యాటరీని తాగేసేది; తను మూత ధడాలున వేశాక ఆరిపోయేది కాబట్టి కెనీ మీటరుకి దొరకలేదు. తమ్ముడికి సూది వేసే నర్సు కారునే ఆవిడ ప్రతి వారం పడుకోబెడుతోంది. డోలీనాకి కళ్ళు నిండిపోయాయి. ఆవిడని గట్టిగా కావలించుకోవాలనిపించింది, ఆ వయసులో చీకట్లో తిరుగుతున్నందుకు చెడామడా తిట్టాలనీ అనిపించింది.

కెనీ ఇంటికి వెళ్ళి అంతా చెప్పేసింది.

"బకెట్ సంగతి ఊరందరికీ తెలుసులేవే," అన్నాడు కెనీ. "దీపం సంగతే తెలీదు. పోయి చెప్పు ఆవిడకి, మూత గట్టిగా వెయ్యమని."

"చచ్చినా చెప్పను. తన వల్లే తమ్ముడు ఆకలితో వణికాడని తెలిస్తే ఆ మనిషి మళ్ళీ నిద్రపోతుందా?"

కెనీ గడ్డం గోక్కున్నాడు. లేచి వచ్చి, డిక్కీలో చెయ్యి పెట్టి, బల్బు ఊడదీసి జేబులో వేసుకున్నాడు.

సోమవారం తాళంచెవి తిప్పగానే కారు గుర్రుమని లేచింది. టార్కిల్‌కి ఇన్సులిన్ వేళకి పడింది. మిస్ ఫ్రేజర్ ఫోన్ చేయలేదు. ఆ పై సోమవారం కూడా కారు లేచింది. డోలీనా టార్కిల్ పొట్ట మీద సూది దించుతుండగా ఎఫీ పొయ్యి దగ్గర జావ కలుపుతూ యథాలాపంగా అంది.

"అమ్మాయ్, నీ కారు డిక్కీలో దీపం పోయినట్టుందే. ఆ కెనీగాడికి చెప్పి వేయించుకో. చీకట్లో బకెట్ ఎక్కడ పెడుతున్నానో..."

గరిట ఆగిపోయింది. ఎఫీ చెవులు ఎర్రబడ్డాయి. కుర్చీలోంచి టార్కిల్ పకపకా నవ్వాడు.

"ఇన్నేళ్ళు దాచాం కదే అక్కా! ఒక్క బల్బు కోసం బయటపడిపోయావు!"

"నువ్వూరుకో, కదలకు, సూది విరుగుతుంది," అని డోలీనా అతన్ని గదమాయించింది. సూది తీసి, దూది అద్ది, ఎఫీ వైపు తిరగకుండానే అంది. "దీపం ఎందుకు పెద్దమ్మా? ఇకమీదట వెలుతురుండగానే రా. రోడ్డు జారుతోంది."

ఎఫీ మళ్ళీ గరిట తిప్పింది. "మీ ఆఫీసువాళ్ళు?" అంది.

"వాళ్ళడిగితే నేను చెప్పుకుంటాను."

ఆ శనివారం పట్టపగలు, ఊరు చూస్తుండగా, ఎఫీ కర్ర పొడుచుకుంటూ వచ్చింది. డోలీనా గేటు దగ్గరే నిలబడి ఉంది. ఎఫీ బకెట్ డిక్కీలో పెట్టి పక్కకి జరిగింది. మూత డోలీనా వేసింది, ఊరంతా వినపడేట్టు.