పులి వంతు

మొన్న మా మనుమరాలు తన ఫోనులో ఒక ప్రపంచ పటం చూపించింది. మాంసం తిని బతికే జంతువులు ఎక్కడ ఎన్ని రకాలున్నాయో రంగుల్లో వేశారట. వెచ్చదనం, వాన, అడవి, మేసే జంతువులు సమృద్ధిగా ఉన్నచోట రకాలూ ఎక్కువట, రంగూ ముదురట. మన తూర్పు కనుమల మీద కూడా ముదురు రంగే కనబడేసరికి, నీ చిన్నప్పుడు అక్కడ ఏమేం ఉండేవి అమ్మమ్మా అని అడిగింది.

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తల్లో మా నాన్న సముద్రపు ఒడ్డు ఊరు వదిలి అనంతగిరి దగ్గర కొట్టు పెట్టుకున్నాడు. ఉప్పు, కిరసనాయిలు, గుడ్డలు ఇచ్చి చింతపండు, తేనె, తోళ్లు తీసుకునేవాడు. మాకు తేనె తెచ్చే కొండ మనిషి ఒకావిడను నేను అత్తా అని పిలిచేదాన్ని. భర్త పోయాక ఆవిడ ఒక కుక్కను తోడు పెట్టుకుని కొండవాలు మీద చోడి, అంటే రాగి చేను చేసుకునేది, అడవిపందుల్ని చేలోకి రానివ్వకుండా కాసేది ఆ కుక్కే. పులి పశువును కొడితే ఆ కళేబరం జోలికి ఎవరూ పోకపోవడం అక్కడి పద్ధతి. అది పులి వంతు, పులి తినగా మిగిలింది అడవిలో తక్కిన నోళ్లది.

ఒకసారి అత్త ఆవునే పులి కొట్టింది. ఆవిడ కాసేపు ఏడ్చి, పద్ధతి ప్రకారం దాన్ని అక్కడే వదిలేసింది. పులితోలు మీద ఎప్పటినుంచో ఆశ పడుతున్న మా నాన్న, ఎవరికీ చెప్పకుండా ఆ మాంసానికి విషం పట్టించాడు. పులి మళ్లీ రానే లేదు. పొద్దున్నే నాన్న వెనకాల పరుగెత్తిన నాకు ఆ ఆవు దగ్గర్నుంచి వాగు దాకా చిరుత, దుమ్మలగొండి, రేచుకుక్కలు, నక్కలు, పునుగుపిల్లి, అడవిపిల్లి పడి ఉండడం కనిపించింది. వాటి మధ్యన అత్త కుక్క కూడా ఉంది.

"పులికి ఒగ్గీసిన కూడు బాబూ అది. దాన్లో ఏటి కలిపినావు?" అని మాత్రం అడిగింది, కుక్కను వెతుక్కుంటూ అక్కడికి వచ్చిన అత్త. నాన్న తల వంచుకుని చిరుత తోలు ఒలవడానికి కూర్చున్నాడు.

ఆ తోళ్లు మైదానంలో మంచి ధర పలికాయి, ఆ ఏడే నన్ను విజయనగరం హాస్టల్లో చేర్చారు. నేను బయలుదేరిన రోజున అత్త, దారిలో తినమని తేనెపట్టు ముక్క ఆకులో చుట్టి తెచ్చింది, నేను ఇష్టంగా తిన్నాను. సెలవులకు వచ్చేసరికి చోడి చేనును పందులు కుళ్లగించేశాయి. కాపలా కుక్కా లేదు, పందుల్ని వేటాడే రేచుకుక్కలూ లేవు. అత్త కూలి కోసం కొండ దిగి ఎటో వెళ్లిపోయిందన్నారు. నా చదువు, ఉద్యోగం, ఈ ఇల్లు అన్నీ ఆ వాగు ఒడ్డునుంచి వచ్చినట్టే ఉంటుంది నాకు, ఇప్పటికీ తేనె నా గొంతు దిగదు.

ఇప్పుడు ఆ దారి పొడుగునా కాఫీ కొట్లు, బొంగు చికెన్ పొయ్యిలు. ఆ రోజుల్లో సందపడితే మా అమ్మ పులి భయంతో మమ్మల్ని బేగి లోపలికి రమ్మని కేకలేసేది, ఈనాటి తల్లులకు ఆ భయం లేదు.

మనుమరాలికి ఒక్కొక్క పేరే చెప్పాను. అది కళ్లు పెద్దవి చేసుకుని, వాటన్నిటినీ నువ్వు కళ్లారా చూశావా అంది. చూశాను, ఒక్క పొద్దుట అన్నిటినీ ఒక్కచోటే చూశాను అన్నాను.

ఎంత అదృష్టం అమ్మమ్మా నీది, అంది.